ట్రంకుపెట్టె కింద ఆకులు

తుమ్మి మొక్కను వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, పాత పేపరు మడతల్లో పరిచి, దానిమీద ట్రంకుపెట్టె ఎక్కించిన తరం మనది. సైన్సు మాస్టారు రికార్డు అడిగే రోజు దాకా ఆ పెట్టెను ఇంట్లో ఎవరూ కదపకూడదు. అందులో అమ్మ చీర ఉన్నా సరే, పేపర్లు మార్చే వేళదాకా ఆగాల్సిందే.

తెలుగు మీడియం హైస్కూల్లో చదివినవాళ్లెవరికైనా ఈ పనుల పేర్లు నోటికి వచ్చు. చూచిరాత, ఉక్తలేఖనం, మ్యాపు పాయింటింగు, జామెట్రీ నిర్మాణాలు, సైన్సు రికార్డు, ఆకుల సేకరణ. అప్పుడు మార్కుల కోసమో, బెత్తానికి భయపడో చేసేవాళ్లం. ప్రతి పనికీ కొన్ని చిన్న చిన్న నియమాలుండేవి. పెన్నులో సిరా నిండుగా పోయాలి, నిర్మాణ రేఖలు తుడవకూడదు, లోలకం ఊపులు ఇరవై లెక్కపెట్టాలి, ఒక ఆకైనా బోర్లా అతికించాలి. ఎందుకని అడిగితే చాలామంది సార్లు "చెప్పినట్టు చెయ్" అనేవాళ్లు. అడగాల్సిన పని కూడా లేదు. నియమం తప్పిన రోజున పని చెడేది, చెడినచోటే కారణం కనిపించేది.

సిరా పెన్నుతో మొదలుపెడదాం. ఇప్పటి పిల్లలకు రీఫిల్ తెలుసు, కాట్రిడ్జి తెలుసు. మన పెన్ను గొట్టంలోకి డ్రాపరుతో నేరుగా సిరా పోసేవాళ్లం. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులదీ ఈ పద్ధతే. సగం సిరా అయిపోయాక పెన్ను కక్కడం మొదలుపెడుతుంది. చాలామంది పాళీ పాడైందనుకుని పాళీని తిప్పుతూ కూర్చునేవాళ్లు. తప్పు పాళీది కాదు. గొట్టంలో సిరా తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. రాసే చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి, కింద ఉన్న సిరాను పాళీలోంచి బయటికి నెడుతుంది. ఎండాకాలం పరీక్షల్లో జవాబు పత్రం మీద బొట్టు పడేది అందుకే. పొద్దున్నే గొట్టం నిండా పోసుకుంటే గాలికి చోటుండదు, బొట్టూ పడదు. పరీక్ష మధ్యలో సిరా సగానికి దిగితే, రెండు నిమిషాలు పెన్నును పాళీ పైకి ఉండేలా బల్లమీద నిలబెడితే గొట్టం చల్లబడుతుంది. బొట్టు పడితే వేలితో తుడవకుండా సుద్దముక్క అంచును దానికి తాకించాలి. సుద్ద సిరాను పీల్చేసుకుంటుంది, అక్షరం చెదరదు. పాళీ చీలికలో కాగితం నూగు ఇరుక్కుంటే బ్లేడుతో గీకే బదులు గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. బ్లేడు పెడితే చీలిక వెడల్పై, ఆ తర్వాత ఎప్పటికీ లావుగానే రాస్తుంది.

ఆ పెన్నుతోనే ఉక్తలేఖనం. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయమనేవాళ్లు. అప్పుడు క్లాసంతా ఒకే ఉపాయం పన్నేది. మొదటి అక్షరం పది వరసల్లో నిలువుగా, తర్వాత రెండో అక్షరం నిలువుగా. పని త్వరగా అయ్యేది కానీ మాట మాత్రం చేతికి వచ్చేది కాదు, ఎందుకంటే చెయ్యి ఆ మాటను ఒక్కసారి కూడా మొత్తంగా రాయలేదు. చూడు, మూసెయ్, రాయి, తెరిచి పోల్చు. ఇలా మూడుసార్లు చేస్తే చాలు, పదిసార్లు అక్కర్లేదు. తెలుగులో తప్పులు ఎక్కువగా పడేది ఒత్తక్షరాల దగ్గరే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ప్రధానం ముఖ్యమైనది, ప్రదానం ఇవ్వడం. బహుమతి 'ప్రధానం' అని ఇవాళ్టికీ ఫ్లెక్సీల మీద కనబడుతుంటే చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుకుతుంది. కల, కళ. వేల, వేళ. ఈ జంటల్ని పలికి చూపించే మాస్టారు దొరికిన క్లాసులో తప్పులు సగానికి సగం తగ్గేవి. చెవికి తేడా తెలియకపోతే చేతికెలా తెలుస్తుంది?

మ్యాపు పాయింటింగులో మార్కులు పోయేది ఊరు తెలియక కాదు, పక్క రాష్ట్రంలో చుక్క పెట్టి. ఖాళీ అవుట్‌లైన్ మ్యాపు చేతికిస్తే కళ్లు తిరిగేవి, లోపల పట్టుకోవడానికి ఏ గీతా ఉండదు. కాబట్టి ముందు గీతలు మనమే పెన్సిలుతో పలచగా గీసుకోవాలి. మొదటిది కర్కటరేఖ, 23½ డిగ్రీలు. గుజరాత్ నుంచి మిజోరం దాకా అడ్డంగా ఒక గీత. అహ్మదాబాద్, భోపాల్, రాంచీ మూడూ ఆ గీతకు కొంచెం కిందే ఉంటాయి, కోల్‌కతా ఇంకాస్త కింద. రెండోది నిలువు గీత, 77½ డిగ్రీల తూర్పు రేఖాంశం. దాన్ని ఆనుకుని పైనుంచి కిందికి ఢిల్లీ, భోపాల్, బెంగళూరు, కన్యాకుమారి. హైదరాబాద్ దానికి కొంచెం కుడిపక్కన. మూడోది 82½ డిగ్రీలు, మన గడియారాల గీత, కాకినాడ పక్కనుంచి పోతుంది. ఇక ఊళ్లను జతలుగా గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్, విశాఖపట్నం దాదాపు ఒకే అడ్డగీత మీద. బెంగళూరు, చెన్నై మరో అడ్డగీత మీద. చెన్నై, విజయవాడ దాదాపు ఒకే నిలువుగీత మీద. ఈ మూడు జతలు వస్తే దక్షిణాదిలో చుక్క తప్పదు.

నదులు గీయడంలో ఒక కిటుకుంది. పుట్టినచోటు నుంచి మొదలుపెడితే దారి తప్పుతాం, సముద్రం దగ్గరనుంచి వెనక్కి గీయాలి. డెల్టా ఎక్కడుందో తీరరేఖ వంపే చెబుతుంది. కాకినాడకు దక్షిణాన ముందుకు పొడుచుకొచ్చిన నేల గోదావరిది, దానికింద రెండోది కృష్ణది. అక్కణ్నుంచి వెనక్కి నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వరం దాకా ఒకటి, మహాబలేశ్వరం దాకా ఒకటి. గీత సముద్రం దగ్గర లావుగా, పోనుపోను సన్నగా ఉండాలి. ఉపనది కలిసేచోట ఏర్పడే ఇరుకు కోణం పైకి, నది వచ్చిన వైపుకు తెరుచుకోవాలి. నీళ్లు రెండు వైపుల నుంచి వచ్చి కలిసి ముందుకు పోతాయి గనుక. ఇది తిరగేసి గీస్తే ఉపనది ఎదురు ప్రవహించినట్టు కనిపిస్తుంది. మంజీర దగ్గర ఎక్కువమంది బోల్తా పడేవాళ్లు. ఆగ్నేయంగా వచ్చే నది సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లి, కందకుర్తిలో గోదావరిలో కలుస్తుంది. తూర్పుకు పోవాల్సిందే కదా అని నేరుగా గీసేస్తే ఆ నది ఎప్పటికీ గోదావరిని చేరదు. నర్మద, తపతి తారుమారు చేయడం ఇంకో పాత తప్పు. పైనుంచి కిందికి వింధ్య, నర్మద, సాత్పుర, తపతి. కొండ, నది, కొండ, నది. ఈ నాలుగూ వరసగా ఒక్కసారి గీస్తే చాలు, మళ్లీ మరిచిపోరు.

జామెట్రీ పెట్టె విషయానికొస్తే, దాని వాసన చెప్పడానికి మాటలు దొరకవు. చెక్కిన పెన్సిలు పొట్టు, రబ్బరు ముక్క, తుప్పు పట్టిన వృత్తలేఖిని మొన. పాత సిలబస్‌లో పదో తరగతి లెక్కల రెండో పేపరుకు చదివినవాళ్లు ఈ నిర్మాణం నిద్రలో కూడా చేస్తారు. భూమి బీసీ 5 సెంటీమీటర్లు, శీర్షకోణం ఏ 70 డిగ్రీలు, ఏ నుంచి ఎత్తు 3 సెంటీమీటర్లు. త్రిభుజం గీయాలి.

ముందు చిత్తుపటం. తర్వాత బీసీ గీసి, బీ దగ్గర కింది వైపుకు 70 డిగ్రీల కోణంతో బీఎక్స్ కిరణం గీయాలి. బీఎక్స్‌కు లంబంగా, పైకి, బీవై. బీసీకి లంబ సమద్విఖండన రేఖ గీస్తే అది బీవైని ఖండించే బిందువే 'ఓ'. అక్కడ ముల్లు గుచ్చి ఓబీ వ్యాసార్ధంతో వృత్తం. బీసీకి పైన ఉన్న చాపం మీద ఏ బిందువు తీసుకున్నా అక్కడ కోణం 70 డిగ్రీలే. ఇప్పుడు బీసీకి 3 సెంటీమీటర్ల ఎత్తున సమాంతర రేఖ గీస్తే అది వృత్తాన్ని రెండుచోట్ల ఖండిస్తుంది. ఏ, ఏ డాష్. రెండూ సరైనవే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, "కింది వైపుకు" అన్న మాట దగ్గర. బీఎక్స్‌ను పైకి గీసేస్తే కేంద్రం బీసీకి కింద పడుతుంది. పై చాపం మీద కోణం 110 అవుతుంది, ఆ చాపం ఎత్తు 1.75 సెంటీమీటర్లకు మించదు. 3 సెంటీమీటర్ల రేఖ దాని మీదుగా పోతుంది, తాకదు. అప్పుడు పిల్లలు చేసేది ఒక్కటే, రేఖను కిందికి జరిపి ఎలాగోలా తాకించేయడం. మంచి మాస్టారు ఆ పుస్తకం తీసుకుని కోణమానిని పెట్టి కొలిచి, "110 వచ్చింది చూడు, నువ్వు గీసింది వేరే త్రిభుజం" అని చూపించేవారు. ఆ కొలతతో తప్పు ఎక్కడుందో మనకే తెలిసిపోయేది. ఇంకో సంగతి. ఇదే లెక్కలో కోణం సరిగ్గా గీసినా ఎత్తు 4 సెంటీమీటర్లు ఇచ్చారనుకోండి, రేఖ వృత్తాన్ని తాకదు. 5 సెంటీమీటర్ల భూమిమీద 70 డిగ్రీల శీర్షకోణంతో గీయగల త్రిభుజానికి ఎత్తు 3.57 సెంటీమీటర్లు దాటదు. అలాంటి త్రిభుజం లేదు అని రాయడం కూడా జవాబే. ఈ సంగతి పుస్తకం చెప్పేదాకా ఆగక్కర్లేదు, వృత్తం గీసినవాడికి కాగితం మీదే కనిపిస్తుంది.

నిర్మాణ రేఖలు తుడవొద్దనేది ఇందుకే. చాపాల గుర్తులు లేని అందమైన త్రిభుజం స్కేలుతో కొలిచి అతికించిందో, నిజంగా నిర్మించిందో ఎవరూ చెప్పలేరు. పెన్సిలు మాత్రం మొద్దుగా ఉండకూడదు. అర మిల్లీమీటరు మందమున్న గీతలు రెండు ఖండించుకుంటే అది బిందువు కాదు, మచ్చ. వృత్తలేఖినిలో పెట్టే చిన్న పెన్సిలును గరుకు కాగితం మీద ఒకవైపు రుద్ది పలచగా చేసుకునేవాళ్లం. ఆ మర బిగించడం మరిచిపోతే వృత్తం మొదలైనచోటే ముగియదు. ముగియని వృత్తాన్ని రబ్బరుతో తుడిచి సర్దేవాళ్లు ఉండేవాళ్లు, పక్క బెంచీవాడికి దొరికిపోయేవాళ్లు కూడా.

సైన్సు రికార్డులో ఎడమ పేజీ తెల్లగా, కుడి పేజీ గీతలతో. ఎడమవైపు పెన్సిలు బొమ్మ, కుడివైపు ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం. సరళ లోలకం ప్రయోగం చాలామంది చేయకుండానే రాసేసేవాళ్లు. పొడవును డోలనావర్తన కాలం, అంటే గుండు ఒకసారి అటూఇటూ ఊగి రావడానికి పట్టే సమయం, వర్గంతో భాగిస్తే స్థిరాంకం వస్తుందని పాఠంలో ఉంది కదా అని, పట్టికలో ప్రతి వరసలోనూ 24.8 వేసేవాళ్లు. ఆ పట్టిక చూడగానే సారు పుస్తకం వెనక్కి విసిరేవారు. ఎలా తెలిసిందా అని అప్పుడు ఆశ్చర్యం. నిజంగా చేస్తే 24.6, 24.9, 24.7 ఇలా వస్తాయి. అన్నీ ఒకేలా రావు. వరసలన్నీ సమానంగా ఉండటమే ఆ ప్రయోగం జరగలేదనడానికి సాక్ష్యం.

చేసినవాళ్ల తప్పులు కూడా అంకెల్లోనే దొరికేవి. చేయాల్సింది ఇది. చీల్చిన బెండు మధ్య దారం బిగించి, గుండు కేంద్రం దాకా 100 సెంటీమీటర్లు కొలవాలి. గుండును కొద్దిగా పక్కకు, అయిదారు డిగ్రీలకు మించకుండా లాగి, తోయకుండా వదలాలి. 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పడుతుంది. 50 సెంటీమీటర్లకు 28.4, 25 సెంటీమీటర్లకు 20 సెకన్లు. ఇరవై ఎందుకంటే, గడియారం నొక్కే వేలు ఎంత చురుకైనా 0.2 సెకన్లు అటూఇటూ అవుతుంది. ఒక్క డోలనం కొలిస్తే రెండు సెకన్లలో 0.2 తప్పు, అంటే పదోవంతు. నలభై సెకన్లలో అదే 0.2 తప్పు రెండొందల్లో ఒకటో వంతు. తప్పు పోలేదు, ఇరవైమందికి పంచేశాం.

స్థిరాంకం 27.5 దగ్గర వస్తే లెక్క చూడక్కర్లేదు, గుండు వదిలేటప్పుడు "ఒకటి" అన్నారని అర్థం. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. ఒకటి అంటే పందొమ్మిది ఊపులకే ఆపేసి ఇరవైతో భాగించినట్టు. ఇంకో రకం తప్పు మరింత మెత్తగా ఉంటుంది. 25 సెంటీమీటర్లకు 23.8, 50కి 24.3, 100కు 24.5 అని పొడవుతోపాటు విలువ పెరుగుతూ పోతుంటే, దారం మాత్రమే కొలిచి గుండు వ్యాసార్ధం కలపడం మరిచారు. గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరైతే, పొట్టి లోలకంలో అది ఇరవై అయిదింట ఒకటి, పొడుగు దాంట్లో వందలో ఒకటి. అందుకే పొట్టి లోలకం దగ్గరే ఎక్కువ దెబ్బతింటుంది. చిందరవందరగా వచ్చే తప్పు వేరు, ఒకేవైపు జరుగుతూ పోయే తప్పు వేరు. మొదటిది చేతిది, రెండోది పద్ధతిది. పెద్ద చదువుల్లో దీనికి పెద్ద పేర్లు పెడతారు. మనకు దాన్ని చూపించింది మాత్రం కిటికీ ఊచకు వేలాడే ఇనప గుండు.

ఆకులో పిండిపదార్థం పరీక్ష గురించి ఒక్క మాట. కుండీలో మొక్కను 48 గంటలు చీకట్లో ఉంచమనేది అందరికీ విసుగు. ఒక్క రాత్రి ఉంచి, నల్లకాగితం అంటించి ఎండలో పెట్టేసేవాళ్లు. చివర్లో అయోడిన్ వేస్తే కాగితం కింది భాగం కూడా నల్లబడేది, పాత పిండి అందులో మిగిలే ఉంది గనుక. స్పిరిట్‌లో ఆకును ఉడికించేటప్పుడు గిన్నెను నేరుగా మంటమీద పెట్టకూడదు, స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను మరిగే నీళ్లలో దించాలి. స్పిరిట్ ఆవిరికి మంట తగిలితే గుప్పున అంటుకుంటుంది.

ఇక ఆకుల సేకరణ. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టే పని ఇదే, ఎక్కువమంది పాడుచేసుకున్నదీ ఇదే.

పొద్దున మంచు ఆరిపోయాక, తొమ్మిది పది గంటల మధ్య కోయాలి. తడి మొక్క పేపర్లో పెడితే బూజు పట్టడం ఖాయం, మధ్యాహ్నం కోస్తే ఇంటికొచ్చేలోపు వాడిపోతుంది. చిన్న మొక్కైతే వేరుతో సహా, పెద్దదైతే పువ్వు ఉన్న కొమ్మ. పువ్వు లేని కొమ్మతో మొక్కను పోల్చుకోవడం కష్టం. తుమ్మి, ఉత్తరేణి, గడ్డిచేమంతి, బిళ్లగన్నేరు, నేల ఉసిరి, ఉమ్మెత్త, తంగేడు. ఏ ఊళ్లోనైనా బడి నుంచి ఇంటికొచ్చే దారిలోనే ఇవన్నీ దొరికేవి. ఉమ్మెత్త ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. ఆ పాలు కాగితానికి తగిలినా గోధుమరంగు మరక పడిపోతుంది, అందుకే జిల్లేడు కొమ్మను కోసినచోట కాసేపు కారనిచ్చి, తుడిచి పెట్టాలి.

కింద నాలుగైదు మడతల దినపత్రిక, పైన నాలుగైదు మడతలు. నున్నగా మెరిసే ఆదివారం పుస్తకాల కాగితం పనికిరాదు, అది తేమ పీల్చదు. మొక్క కాగితం కంటే పొడుగైతే కోయకుండా 'వీ' ఆకారంలోనో 'ఎన్' ఆకారంలోనో వంచాలి. ఆకులు ఒకదానిమీద ఒకటి పడకుండా సర్దాలి. ఒకటో రెండో ఆకుల్ని బోర్లా తిప్పాలి, ఆకు అడుగున ఈనెలూ నూగూ ఎలా ఉన్నాయో చూడ్డానికి. అతికించాక తిప్పి చూడలేం కదా. మీద చెక్కపలక, దానిమీద ట్రంకుపెట్టె. బియ్యం బస్తా కూడా మంచిదే, ఇంకా సమానంగా ఒత్తుతుంది.

అసలు పని మర్నాడు. ఒకరోజు గడిచాక విప్పితే ఆకు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. మడతలు విప్పేది, రేకులు సర్దేది ఆ ఒక్కరోజే. మూడో రోజుకు ఎలా ఉంటే అలాగే బిగుసుకుపోతుంది. మొదటి మూడునాలుగు రోజులు రోజూ పేపర్లు మార్చాలి, తర్వాత రోజు విడిచి రోజు. మొత్తం పది పదిహేను రోజులు. ఆకు నల్లబడిందంటే, గోధుమరంగుకు తిరిగిందంటే, తెల్లటి బూజు పట్టిందంటే కారణం ఒకటే, పేపర్లు మార్చలేదు. తడి పేపరు మధ్య ఆకు ఎండదు, నెమ్మదిగా కుళ్లుతుంది. త్వరగా ఎండితేనే రంగు నిలుస్తుంది. అలాగని ఎండలో పెడితే ముడుచుకుని, పట్టుకోగానే పొడి అయిపోతుంది. గడువు రేపనగా ఇస్త్రీపెట్టె అందుకునేవాళ్లుండేవాళ్లు. పేపర్ల మధ్య పెట్టి తక్కువ వేడితో ఒత్తితే పలచటి ఆకులకు పర్వాలేదు, పువ్వు రంగు మాత్రం పోతుంది. ఎండిందో లేదో తెలియాలంటే ఆకును చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే.

మందారం పువ్వు కాగితానికి అంటుకుపోయి, విప్పేసరికి చిరుగుతుంది. దాంట్లో ఉన్న జిగురే కారణం. పువ్వుకు అటూఇటూ నూనె కాగితం పెడితే వదులుతుంది. గడ్డిచేమంతిలో మనం పువ్వనుకునేది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుత్తి. ఒక గుత్తిని బ్లేడుతో నిలువుగా చీల్చి పక్కన పెడితే ఆ సంగతి తెలుస్తుంది.

రణపాల మాత్రం అందర్నీ ఓడించేది. వారం తర్వాత పేపరు విప్పితే ఆకు ఎండకపోగా, అంచున ప్రతి నొక్కులోంచి ఓ చిన్న మొక్క, దానికి రెండు ఆకులు, దారాల్లాంటి తెల్లటి వేళ్లు పేపరు మీద పాకుతూ ఉండేవి. బరువు కింద, చీకట్లో, మట్టి లేకుండా. దాని ఆకులో ఉన్న నీళ్లే దానికి చాలు. ఆ పేపర్ల చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి చూసేవాళ్లు. రణపాలకూ, గంగవాయిలి కూరకూ మందు ఒకటే, పేపర్లో పెట్టేముందు మరిగే నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి తీసి, తడి అద్దడం. కణాలు చచ్చిపోయాకే ఆకు ఎండటానికి ఒప్పుకుంటుంది. చాలామంది ఆ ఆకును పీకి కుండీలో గుచ్చేసేవాళ్లు, అదీ మంచి ముగింపే.

అతికించేటప్పుడు సెల్లోటేపు వాడొద్దు. కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి, జిగురు కారి పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి. సూదీ తెల్లదారంతో కాడను రెండుమూడు చోట్ల కుట్టి, ముడి కాగితం వెనక వేయాలి. ఆకులకు సన్నటి కాగితపు పట్టీలు చాలు. మైదా జిగురు వాడితే చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగులు జిగురుతోపాటు ఆకునీ తింటాయి. మైలుతుత్తం విషం, కలిపిన గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

చివరగా చీటీ. కింద కుడిమూలన. తెలుగు పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు. తుమ్మికైతే ల్యూకాస్ ఆస్పెరా, లామియేసీ అని, శాస్త్రీయ నామం కింద గీత గీసి రాసేవాళ్లం. చోటు, తేదీ ఎవరు చూస్తారని ఖాళీగా వదిలేసేవాళ్లం. ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో ఉన్న లక్షల నమూనాలకూ ఉండేది ఇలాంటి చీటీయే. చోటు, తేదీ లేని నమూనా అక్కడ పనికిరాదు. ఆ చెట్టు అప్పుడు అక్కడ ఉండేదని చెప్పగలిగేది ఆ రెండు మాటలే. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కల్ని సేకరించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లకముందు, వాటి తెలుగు పేర్లు కూడా ఊళ్లోవాళ్లను అడిగి రాసుకున్నాడు. మన రికార్డులో మొదటి గడి తెలుగు పేరు. దాన్ని నింపడానికి మనం అడిగింది కూడా నాయనమ్మనే, తాతయ్యనే.

పాత రికార్డులు ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని ఎండలో పెట్టకండి, రంగు ఇంకా పోతుంది. నీడలో, గాలి తగిలేలా ఒకపూట విప్పి ఉంచండి. పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే. పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి, రెండు వారాలు ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే గదిలో పెట్టండి. బయటికి తీశాక కవరు చల్లదనం పూర్తిగా వదిలేదాకా విప్పకండి, లేకపోతే ఆకులమీద నీరు పడుతుంది. తర్వాత నాఫ్తలీన్ ఉండను బట్టలో కట్టి పక్కన ఉంచండి. ఊడిపోయిన ఆకు ఉంటే పారేయకండి, ఓ చిన్న కాగితపు కవరు చేసి అందులో వేసి అదే పేజీకి అంటించండి. చీటీలో చోటు, తేదీ ఖాళీగా ఉంటే, గుర్తున్నంతవరకు ఇప్పుడైనా రాయండి. బడి వెనక చెరువుగట్టు, ఏడో తరగతి, దసరా సెలవులకు ముందు. పెన్సిలుతో.